ఏకపొర అర్ధవాహకాల కాంతి ఉద్గారంపై విద్యుదావేశ ప్రభావం

మాలిబ్డినం డైసల్ఫైడ్, టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ వంటి పొరల అర్ధవాహకాలను ఒక్క పొర మందానికి తెస్తే, అవి వెలువరించే కాంతి తీవ్రతా రంగూ పొరలో పేరుకున్న ఆవేశాన్ని బట్టి మారతాయి. మాలిబ్డినం డైసల్ఫైడ్ ఏకపొర మందం సుమారు 0.65 నానోమీటర్లు. దాని బ్యాండ్‌గ్యాప్ ప్రత్యక్షమని, అందువల్లే మందపాటి స్ఫటికం కంటే ఎంతో ఎక్కువగా వెలుగుతుందని 2010లో రెండు బృందాలు విడివిడిగా ప్రకటించాయి.

ఈ వెలుగుకు మూలం ఎక్సైటాన్, అంటే పరస్పర ఆకర్షణతో జతకట్టిన ఎలక్ట్రాన్, హోల్. అదనపు ఎలక్ట్రాన్ ఒకటి ఆ జతను చేరితే ట్రయాన్ అవుతుంది. అర్ధవాహకాల్లో ఇలాంటి కూటమి సాధ్యమని భౌతికశాస్త్రవేత్త లాంపర్ట్ 1958లోనే ఊహించాడు. మాలిబ్డినం డైసల్ఫైడ్‌లో దాన్ని గుర్తించిన సంవత్సరాన్ని కొందరు 2012 అని, కొందరు 2013 అని రాస్తారు. పత్రం ఆన్‌లైన్‌లో వెలువడింది 2012 డిసెంబరులో, అచ్చు సంచిక 2013ది. ట్రయాన్ కాంతి ఎక్సైటాన్ కాంతి కంటే దాదాపు 20–40 మిల్లీ ఎలక్ట్రాన్ వోల్టుల దిగువన, ఎరుపు వైపు కనిపిస్తుంది. ఎలక్ట్రాన్ల సాంద్రత పెరిగినప్పుడు దీన్ని మూడు కణాల కూటమిగా కాక ఫెర్మీ పోలరాన్‌గా, అంటే చుట్టూ ఉన్న ఎలక్ట్రాన్ల సమూహంతో కలిసి ప్రవర్తించే ఎక్సైటాన్‌గా చూడడమే సరైనదన్నది 2017 నుంచి బలంగా వినిపిస్తున్న వాదం.

ప్రయోగాల్లో ఆవేశాన్ని సాధారణంగా గేటుతో, అంటే పొర నుంచి నిరోధకంతో వేరుచేసిన ఎలక్ట్రోడుతో మారుస్తారు. సిలికాన్ పలకపై 300 నానోమీటర్ల ఆక్సైడ్ ఉంటే, ఒక్కో వోల్టుకు చదరపు సెంటీమీటరుకు సుమారు 7×10¹⁰ ఎలక్ట్రాన్లు చేరతాయి. రుణ వోల్టేజీ ఇస్తే ఎలక్ట్రాన్లు తగ్గి ఎక్సైటాన్ శిఖరం పైకి లేస్తుంది. ధన వోల్టేజీతో అది కుంగి ట్రయాన్‌దే పైచేయి అవుతుంది. గేటు లేకుండానే గాలిలోని ఆక్సిజన్, నీటి ఆవిరి పొరకు అంటుకుని ఎలక్ట్రాన్లను లాక్కుంటాయి. అందుకే ఒకే నమూనా శూన్యంలో మసకగా, గాలిలో ప్రకాశవంతంగా కనిపించవచ్చు.

వెలుగు తగ్గడానికి అసలు కారణం ఏమిటన్నది వివాదాంశం. మొదట్లో గంధక పరమాణువులు లోపించిన ఖాళీలనే తప్పుపట్టారు. 2015లో ఒక సేంద్రియ సూపర్ ఆమ్లంతో శుద్ధి చేసినప్పుడు మాలిబ్డినం డైసల్ఫైడ్ క్వాంటం దిగుబడి (గ్రహించిన ఫోటాన్లలో కాంతిగా తిరిగి వెలువడే వాటి వాటా) 95 శాతానికి పైగా చేరడంతో, ఆమ్లం ఆ లోపాలను సరిచేసిందని భావించారు. అయితే 2019లో ఏ శుద్ధీ చేయని మాలిబ్డినం, టంగ్‌స్టన్ డైసల్ఫైడ్ ఏకపొరలను గేటుతో తటస్థం చేస్తేనే దిగుబడి దాదాపు నూరు శాతానికి చేరింది. లోపాలు ఉన్నచోటనే ఉండగా ఈ ఫలితం వచ్చింది కాబట్టి, కాంతి లేకుండా నశించే ట్రయాన్లే ప్రధాన కారణమన్న వివరణ వైపే మొగ్గు కనిపిస్తుంది. అయినా ఈ ఫలితం తక్కువ తీవ్రత గల లేజరుకే వర్తిస్తుంది. కాంతి పెంచితే ఎక్సైటాన్లు ఒకదానినొకటి ఢీకొని నశించడం వల్ల దిగుబడి మళ్ళీ పడిపోతుంది. గంధకానికి బదులు సెలీనియం ఉండే సెలినైడ్ల ప్రవర్తన అన్ని విధాలా ఇలాగే ఉండదు.