రేసు ట్రాకూ, కూలిన మసీదులూ

2012 ఏప్రిల్ 22, ఆదివారం. బహ్రెయిన్‌లోని సఖీర్ ఎడారిలో ఫార్ములా వన్ కార్ల రేసు జరిగింది. జర్మన్ డ్రైవరు సెబాస్టియన్ వెటెల్ గెలిచాడు. దానికి ముందురోజు, షఖూరా అనే ఊళ్లో ఓ కట్టడం కప్పు మీద ఒక నిరసనకారుడి శవం దొరికింది. మొదటి వార్త క్రీడల పేజీకి పోయింది. రెండోది విదేశీ వార్తల్లో ఓ మూలకు పోయింది. రెండూ ఒకే దేశానివని, ఒకే వారంలో జరిగినవని పాఠకుడికి తట్టకుండా విడగొట్టింది ఎవరు? మాలాంటి డెస్కు మనుషులమే.

ఆ రోజుల్లో ఏజెన్సీ వార్తను తెలుగు చేస్తూ 'షియాల అల్లర్లు' అని హెడ్డింగు పెట్టినవాళ్లలో మేమూ ఉన్నాం. ఉర్దూలో రాయాల్సి వచ్చినప్పుడు అసలు రాయకుండా పక్కన పెట్టినవాళ్లలోనూ మేమున్నాం. మా పాఠకుల ఇళ్లలో పొయ్యి వెలిగేది గల్ఫ్ డబ్బుతో. ఎందుకొచ్చిన గొడవ అనుకున్నాం. ఒక భాషలో తప్పు రాశాం, ఇంకో భాషలో నోరు మూసుకున్నాం. ఆ రెండు తప్పుల్నీ ఒప్పుకోవడానికే ఈ వ్యాసం.

కల్లోలంలో ఉన్న దేశంలో ఇలాంటి పెద్ద రేసులు జరపొచ్చా? ఇది డబ్బున్న షౌకీన్ల గొడవ కదా, మైనారిటీల అస్తిత్వం గురించి మాట్లాడుకునే చోట దీనికి పనేమిటి అని మిత్రులు అడగొచ్చు. పని ఉంది. 'ముస్లిం' అనే ఒక్క మాట కింద ఎవరు ఎవరిని తొక్కుతున్నారో చూడకుండా మన అస్తిత్వం గురించి మనం నిజాయితీగా మాట్లాడలేం.

ముందు కొంచెం చరిత్ర. బహ్రెయిన్‌ను 1783 నుంచి ఏలుతున్నది సున్నీలైన అల్ ఖలీఫా వంశం. దేశ పౌరుల్లో ఎక్కువమంది షియాలు. గల్ఫ్‌లో అరబ్బుల వైపు తీరాన మొదటిసారి చమురు పడింది ఇక్కడే, 1932లో. 1971 దాకా బ్రిటిష్ వాళ్ల రక్షణ కింద ఉంది. 1953 ముహర్రంలో షియాలూ సున్నీలూ కొట్టుకున్నారు. ఈ సంగతి అందరూ చెబుతారు. మరుసటి ఏడాది జరిగింది మాత్రం ఎవరూ చెప్పరు. 1954లో రెండు వర్గాల పెద్దలూ కూర్చుని ఒకే కమిటీ వేసుకున్నారు. నలుగురు సున్నీలు, నలుగురు షియాలు. వాళ్లు అడిగినవేమిటి? ఎన్నికైన సభ కావాలి, రాతపూర్వక చట్టాలు కావాలి, కార్మిక సంఘాలు కావాలి. 1956లో ఆ ఉద్యమాన్ని అణిచేశారు. ముగ్గురు నాయకుల్ని బ్రిటిష్ వాళ్లు సెయింట్ హెలీనాకు పంపారు. నెపోలియన్‌ను ఉంచిన ద్వీపం అదే. షియా సున్నీలు కొట్టుకుంటే ఎవరికీ ఆ శిక్ష పడలేదు. కలిస్తే పడింది.

ఆ తర్వాత కథ కూడా అదే. 1973లో ఎన్నికైన సభ వచ్చింది. 1975లో రద్దయింది. 1990లలో మళ్లీ జనం రోడ్డెక్కారు. 2001 ఫిబ్రవరి 14న జనాభిప్రాయం తీసుకుంటే 98 శాతం పైగా సంస్కరణలకు సరేనన్నారు. 2002లో అమీరు తనను రాజుగా ప్రకటించుకుని కొత్త రాజ్యాంగం తెచ్చాడు. జనం ఎన్నుకునేవాళ్లు 40 మంది, రాజు నియమించేవాళ్లు 40 మంది. ఇక జనం మాటకు బలమెక్కడిది?

సఖీర్ ట్రాకు వచ్చింది ఆ వెంటనే. 2004 ఏప్రిల్ 4న మధ్యప్రాచ్యంలో మొట్టమొదటి ఫార్ములా వన్ రేసు అక్కడ జరిగింది. అప్పట్లో గెలిచినవాళ్లు మిగతాచోట్ల షాంపేన్ చిమ్ముకునేవాళ్లు. బహ్రెయిన్‌లో మాత్రం గులాబీనీరు, దానిమ్మ కలిపిన షర్బత్ ఇచ్చారు. నిజం చెప్పాలంటే అది చూసి మేమూ మురిసిపోయాం. మన మర్యాదను ప్రపంచం ఒప్పుకుందని అనుకున్నాం. ఆ షర్బత్ పోసే చేతులు ఇంకేం చేస్తున్నాయో అడగాలని తోచలేదు.

2011 ఫిబ్రవరి 14న, ఆ ఓటింగుకు సరిగ్గా పదేళ్లకు, నిరసనలు మొదలయ్యాయి. మర్నాడు మనామాలోని ముత్యాల కూడలిలోకి జనం చేరారు. 'సున్నీ కాదు, షియా కాదు, బహ్రెయినీలం' అన్నది వాళ్ల నినాదాల్లో ఒకటి. 17న తెల్లవారకముందే పోలీసులు దాడి చేశారు. నలుగురు చనిపోయారు. మార్చి 13న జరగాల్సిన రేసును ఫిబ్రవరి 21న యువరాజే మానుకున్నాడు. మార్చి 14న సౌదీ, ఎమిరేట్స్ బలగాలు వచ్చాయి. మర్నాడు అత్యవసర పరిస్థితి పెట్టారు. 18న కూడలిలోని ముత్యాల స్తూపాన్నే కూల్చేశారు. ఆ కూల్చివేతలో కాంక్రీటు మీదపడి ఒక క్రేన్ ఆపరేటర్ చనిపోయాడు. అతను ఉద్యమకారుడు కాదు, రాజు మనిషీ కాదు. పరదేశం నుంచి కూలికి పోయినవాడు. నిజామాబాద్ నుంచో కడప నుంచో గల్ఫ్‌కు పోయిన మన పిల్లల్లాంటివాడు.

రాజు తానే నియమించిన బసియూనీ కమిషన్ ఆ ఏడాది నవంబరు 23న నివేదిక ఇచ్చింది. ఫిబ్రవరి 14 నుంచి ఏప్రిల్ 15 దాకా 35 మరణాలు లెక్కతేల్చింది. వాటిలో 5 చిత్రహింసల వల్ల జరిగాయని చెప్పింది. దీని వెనక ఇరాన్ కుట్ర ఉందన్న సర్కారు మాటకు స్పష్టమైన ఆధారాలు లేవంది. కూల్చివేతలకు గురైన షియా ప్రార్థనా స్థలాలు 30 పరిశీలించింది. అనుమతులు లేవు కాబట్టి కూల్చామని సర్కారు చెప్పుకుంది. నిజంగానే చాలావాటికి కాగితాలు లేవు. అయినా కూల్చిన తీరూ, కూల్చిన సమయమూ చూస్తే జనం దాన్ని సామూహిక శిక్షగానే అనుకుంటారని కమిషన్ రాసింది.

ఇక్కడ కాసేపు ఆగుదాం. 1992 డిసెంబరు 6 తర్వాత మసీదు కూలడమంటే ఏమిటో మనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు. 'కాగితాలు లేవు' అన్న మాట ఎన్ని ఇళ్ల మీదికి, ఎన్ని దర్గాల మీదికి వస్తుందో కూడా తెలుసు. మరి బహ్రెయిన్‌లో కూలినప్పుడు మన గొంతు ఏమైంది? కూల్చింది ముస్లిం రాజు కాబట్టి అవి మసీదులు కాకుండా పోయాయా? కొందరు మనవాళ్లు 'అవి షియాలవి' అన్నారు. సెక్యులర్ మిత్రులు 'అది వాళ్ల మత కలహం' అని వదిలేశారు. ఓటు అడిగినవాణ్ణి మతం మనిషిగా చూపించాలన్నదే రాజు కోరిక. ఆ పని మనమిద్దరం కలిసి చేసిపెట్టాం. సున్నీ అయిన ఇబ్రహీం షరీఫ్ అనే లౌకిక వామపక్ష నాయకుడికి అదే ఉద్యమంలో 2011 జూన్‌లో అయిదేళ్ల జైలు పడింది. ఇది ఏ మత కలహం లెక్కలోకి వస్తుంది?

ఇప్పుడు రేసు సంగతి. 2011 జూన్ 3న మోటార్ క్రీడల అంతర్జాతీయ సంస్థ, బహ్రెయిన్ రేసును అక్టోబరు 30న జరుపుతామంది. మార్క్ వెబర్ లాంటి డ్రైవరు బాహాటంగానే అభ్యంతరం చెప్పాడు. జట్లూ ఒప్పుకోలేదు. వారం తిరిగేసరికి ఆ మాట వెనక్కి పోయింది. 2012లో మాత్రం జరిపేశారు. 'అందరం ఒకటై పండగ చేసుకుంటున్నాం' అనే అర్థం వచ్చే పోస్టర్లు ఊరంతా వేశారు. మానవ హక్కుల కార్యకర్త అబ్దుల్‌హాదీ అల్ ఖవాజా అప్పటికి రెండు నెలలు దాటి నిరాహార దీక్షలో ఉన్నాడు. పోలీసులకూ నిరసనకారులకూ మధ్య ఫోర్స్ ఇండియా జట్టు వాళ్ల కారు చిక్కుకుంది. దగ్గర్లోనే పెట్రోలు బాంబు పడింది. జట్టులో ఇద్దరు ఇంటికి వెళ్లిపోయారు. ఆ ఇద్దరికీ పోవడానికి ఇల్లుంది. ఆ పల్లెల జనం ఎక్కడికి పోతారు?

జరపాలన్నవాళ్ల వాదన కూడా వినాలి. రేసు వస్తే విలేకరులు వస్తారు, చిన్న దేశం బాధ ప్రపంచం చూస్తుంది, హోటలు కుర్రాడికీ టాక్సీ డ్రైవరుకీ నాలుగు డబ్బులొస్తాయి అన్నారు. ప్రతిపక్షంలో కూడా దీని మీద అందరిదీ ఒకే మాట కాదు. ఈ వాదనను మేం తీసిపారేయం. కానీ 2012లో జరిగిందేమిటి? రేసు రాసే విలేకరులకు వీసాలిచ్చారు. రాజకీయాలు రాసేవాళ్లు కొందరికి నిరాకరించారు. అంటే కిటికీ తెరిచి ట్రాకు వైపు మాత్రమే చూడమన్నారు.

'ఆటలో రాజకీయం వద్దు' అన్నది పాత పాటే. దక్షిణాఫ్రికా విషయంలోనూ పాడారు. అక్కడ 1985 జూలైలో అత్యవసర పరిస్థితి పెట్టారు. అక్టోబరు 19న క్యాలమీలో రేసు జరిగింది. ఫ్రెంచి జట్లు రెనో, లిజియె వెళ్లలేదు. ఆ తర్వాత 1992 దాకా అక్కడ ఫార్ములా వన్ రేసు లేదు. అంతకుముందే 1974లో మన దేశం డేవిస్ కప్ ఫైనల్లో దక్షిణాఫ్రికాతో ఆడనంది. కప్పు చేజారినా సరేనంది. వర్ణవివక్షతో ఆడం అని చెప్పడానికి భారతదేశం అంత పోగొట్టుకుంది. ఆ చరిత్ర మనది. గర్వపడదగ్గది.

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసింది. మర్నాడే సోచీ రేసు రద్దయింది. మంచిదే. పరాయి దేశం మీద దండెత్తడమూ, సొంత జనాన్ని అణచడమూ ఒకటి కాదని మాకూ తెలుసు. అయినా ఒకచోట ఒక్కరోజులో తేలిన నీతి, ఇంకోచోట ఏళ్లు గడిచినా ఎందుకు తేలదు? మనామాలో అమెరికా అయిదో నౌకాదళం కేంద్రం ఉంది. రేసుకు సొమ్ము కట్టేది రాజ్యం. ఈ రెండూ మరిచిపోయి నీతి గురించి మాట్లాడితే అది నీతి కాదు, బేరం.

మరి కల్లోలమున్న ప్రతిచోటా రేసు మానేయాలా? అలా అయితే ఏ దేశమూ మిగలదు. మా కొలత ఒకటే. 'ఈ రేసు మాకొద్దు' అని ఆ ఊళ్లో ఒక మనిషి చెప్పి, రాత్రికి ఇంట్లో నిద్రపోగలడా? పోగలిగితే రేసు జరపండి, అతని నిరసనా జరగనివ్వండి. పోలేకపోతే మీరు జరిపేది ఆట కాదు, రాజుకు ఊరేగింపు. ఈ కొలతకు బహ్రెయిన్ ఆగలేదు. నజాహ్ యూసుఫ్ అనే స్త్రీ ఫేస్‌బుక్‌లో రాసిన వాటిలో రేసును విమర్శించే రాతలున్నాయి. 2017లో ఆమెను పట్టుకెళ్లారు. 2018లో మూడేళ్ల శిక్ష వేశారు. 2019 ఆగస్టులో క్షమాభిక్ష మీద బయటికొచ్చింది. మానవ హక్కుల్ని గౌరవిస్తామని ఫార్ములా వన్ 2015లోనే రాసిచ్చింది. ఆమె జైల్లో ఉన్నప్పుడూ రేసు ఆగలేదు. 2022లో అక్కడి ఒప్పందాన్ని 2036 దాకా పొడిగించుకున్నారు కూడా.

చివరగా మన ఇంటి మాట. హైదరాబాద్‌ను కట్టింది షియా రాజులు. బాద్‌షాహీ ఆషూర్ఖానా కట్టించింది మహమ్మద్ కులీ కుతుబ్ షా. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో పీర్ల పండుగ వస్తే పీరును ఎత్తుకునేవాడు సున్నీ దూదేకులో, బోయో, మాదిగో ఎవరూ అడగరు. హసన్ హుసేన్ అని ఏడ్చే ఆడవాళ్లలో బొట్టు పెట్టుకున్నవాళ్లే ఎక్కువ. జాలిం రాజు ముందు తల వంచనివాడి కోసం ఏటా ఏడ్చే నేల ఇది. ఆ నేల మీద పుట్టి, ఇంకో రాజు ముందు తల వంచని మనుషుల్ని 'షియా అల్లరి మూక' అని రాశాం మేం. బాబ్రీ గురించి మాట్లాడే హక్కు మనకుంది. ఆ హక్కు బలంగా ఉండాలంటే బహ్రెయిన్‌లో కూలిన మసీదుల పేరు కూడా మనమే ఎత్తాలి. క్రీడల పేజీలో రేసు వార్త వేసే రోజున పక్కనే ఆ వార్త కూడా వేయాలి. రెండు భాషల్లోనూ.