ప్రత్యక్ష చెల్లింపు వైద్యం (అమెరికా)

ప్రత్యక్ష చెల్లింపు వైద్యం అనగా వైద్యుడు ఆరోగ్య బీమా సంస్థల ప్రమేయం లేకుండా తన రుసుమును రోగి వద్ద నుండి నేరుగా స్వీకరించే పద్ధతి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో 1990వ దశకం చివరి నుండి ఇది ఒక ప్రత్యేక విధానంగా రూపుదిద్దుకొన్నది. అక్కడ దీనిని క్యాష్ ప్రాక్టీసు అని కూడా వ్యవహరిస్తారు. ఇక్కడ క్యాష్ అన్న మాటకు కేవలం కరెన్సీ నోట్లు అని అర్థం కాదు. చెక్కు ద్వారా గాని, క్రెడిట్ కార్డు ద్వారా గాని చెల్లించినప్పటికీ, వైద్యుడు బీమా సంస్థకు బిల్లు పంపనట్లయితే అది ఈ పద్ధతి క్రిందికే వస్తుంది.

వైద్యునికి రోగి ఫీజు ఇవ్వడం తెలుగు పాఠకులకు కొత్త విషయం కాదు. కాని అమెరికాలో చిన్న జ్వరానికి చూపించుకొన్నా బిల్లు సాధారణంగా బీమా సంస్థకు వెళ్తుంది. ఆ అలవాటు ఎలా ఏర్పడినదో, కొందరు వైద్యులు దాని నుండి ఎందుకు వైదొలగినారో తెలిస్తేనే ఈ విధానం అర్థమవుతుంది.

నేపథ్యం

ఇరవయ్యవ శతాబ్దం ఆరంభంలో అమెరికాలో కూడా రోగులు వైద్యునికి నేరుగానే డబ్బు చెల్లించేవారు. 1929లో టెక్సాస్ రాష్ట్రంలోని డల్లాస్ నగరంలో జస్టిన్ ఫోర్డ్ కింబాల్ అనే అధికారి బేలర్ ఆసుపత్రి తరఫున ఒక పథకాన్ని ప్రారంభించాడు. పాఠశాల ఉపాధ్యాయులు నెలకు 50 సెంట్లు చెల్లిస్తే, అవసరమైనప్పుడు 21 రోజుల వరకు ఆసుపత్రిలో చికిత్స పొందవచ్చు. తరువాతి కాలంలో విస్తరించిన బ్లూ క్రాస్ బీమా పథకాలకు ఇదే మూలమని భావిస్తారు. ఈ పథకం ఆసుపత్రి ఖర్చులకు ఉద్దేశించినదే గాని, వైద్యుని వద్దకు వెళ్ళే మామూలు సందర్భాలకు కాదు.

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో ప్రభుత్వం జీతాల పెంపుదలపై నియంత్రణ విధించినది. ఆరోగ్య బీమా వంటి సౌకర్యాలకు ఆ నియంత్రణ వర్తించలేదు. అందుచేత కార్మికులను ఆకర్షించుటకు యజమానులు బీమా సౌకర్యం కల్పించసాగారు. 1954 నాటి ఆదాయపు పన్ను చట్టం యజమాని చెల్లించే బీమా సొమ్ముకు పన్ను మినహాయింపును ఖరారు చేసినది. జీతంగా ఇస్తే పన్ను పడుతుంది, బీమాగా ఇస్తే పన్ను లేదు. కాబట్టి ఆసుపత్రి ఖర్చులతో పాటు చిన్న చిన్న వైద్య ఖర్చులు కూడా క్రమంగా బీమాలో చేరినవి. 1965లో అధ్యక్షుడు లిండన్ జాన్సన్ కాలంలో వృద్ధుల కొరకు మెడికేర్, పేదల కొరకు మెడికెయిడ్ పథకాలు ఏర్పడినవి. 1973లో హెచ్.ఎం.ఓ. చట్టం వచ్చిన పిదప, ఏ వైద్యుని వద్దకు వెళ్ళాలి, ఏ పరీక్షకు ముందుగా అనుమతి తీసుకోవాలి అనే నిర్ణయాలలో కూడా బీమా సంస్థల పాత్ర పెరిగినది.

బీమా బిల్లు నడిచే తీరు

రోగిని చూసిన తరువాత వైద్యుడు వ్యాధికి ఒక సంకేత సంఖ్యను, చేసిన సేవకు మరొక సంకేత సంఖ్యను వ్రాసి బీమా సంస్థకు క్లెయిము పంపవలెను. సేవలకు వాడే సంకేతాల జాబితాను అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1966లో మొదటిసారి ప్రచురించినది. బీమా సంస్థ ఆ క్లెయిమును పరిశీలించి, ఒప్పందం ప్రకారం రేటు తగ్గించి, కొంత భాగాన్ని తాను చెల్లించి, మిగిలినది రోగి చెల్లించవలెనని తెలుపుతుంది. సంకేతం సరిపోలేదనో, ముందస్తు అనుమతి లేదనో క్లెయిమును తిరస్కరించవచ్చు. అప్పుడు వైద్యుని కార్యాలయం మరల విజ్ఞప్తి చేసుకోవలెను. ఈ పని కొరకే చిన్న క్లినిక్కులు సైతం ప్రత్యేకంగా సిబ్బందిని నియమించుకొంటాయి. 1999 సంవత్సరంలో అమెరికా ఆరోగ్య వ్యయంలో సుమారు 31 శాతం పరిపాలన ఖర్చులకే పోయినదని 2003లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ పత్రికలో వెలువడిన అధ్యయనం అంచనా వేసినది.

ఈ ఖర్చును రాబట్టుకొనుటకు వైద్యుడు రోజుకు ఎక్కువ మందిని చూడవలసి వస్తుంది. ఒక్కొక్కరికి కేటాయించే సమయం తగ్గుతుంది. బీమా నుండి వైదొలగిన వైద్యులు ప్రధానంగా చెప్పే కారణం ఇదే.

ప్రధాన రూపాలు

1. సందర్శనకు ఇంత అని రుసుము: రోగి వచ్చిన ప్రతిసారీ నిర్ణీత మొత్తం చెల్లిస్తాడు. మానసిక వైద్యులలో ఇది ఎక్కువ. 2014లో జామా సైకియాట్రీ పత్రికలో ప్రచురితమైన పరిశీలన ప్రకారం 2009–10లో ప్రైవేటు బీమాను అంగీకరించిన మానసిక వైద్యులు సుమారు 55 శాతం మాత్రమే. ఇతర వైద్యులలో అది సుమారు 89 శాతం.

2. నెలవారీ సభ్యత్వం: దీనిని డైరెక్ట్ ప్రైమరీ కేర్ అంటారు. రోగి నెలకు సాధారణంగా 50 నుండి 100 డాలర్ల వరకు చెల్లిస్తాడు. అందుకు ప్రతిఫలంగా ఎన్నిసార్లు వచ్చినా వేరే ఫీజు ఉండదు. ఫోనులో సలహా, చిన్న చిన్న పరీక్షలు కూడా ఇందులోనే కలిసి ఉంటాయి. బీమాపై ఆధారపడిన కుటుంబ వైద్యుని వద్ద సుమారు రెండు వేలు లేదా అంతకు మించి రోగులు నమోదై ఉండగా, ఈ విధానంలో ఆ సంఖ్య కొన్ని వందలకే పరిమితం. ఉదాహరణకు 600 మంది సభ్యులు నెలకు 70 డాలర్ల చొప్పున చెల్లిస్తే నెలకు 42,000 డాలర్లు వస్తాయి. క్లెయిముల సిబ్బంది అవసరం లేదు కనుక ఈ ఆదాయంతో క్లినిక్కు నడుస్తుంది.

3. కాన్సియర్జ్ వైద్యం: ఇది సంపన్నులకు ఉద్దేశించినది. 1996లో సియాటిల్ నగరంలో హోవర్డ్ మారన్ అనే వైద్యుడు స్థాపించిన ఎం.డి. స్క్వేర్డ్ సంస్థను దీనికి ఆద్యంగా పేర్కొంటారు. సభ్యత్వ రుసుము ఏటా వేల డాలర్లలో ఉంటుంది. ఈ తరగతిలోని పలు క్లినిక్కులు సభ్యత్వ రుసుముతో పాటు బీమా సంస్థకు కూడా బిల్లు పంపుతాయి. ఈ విషయంలో ఇది రెండవ రూపానికి భిన్నమైనది.

4. శస్త్రచికిత్సకు ఏకమొత్తపు ధర: 1997లో స్థాపించబడిన సర్జరీ సెంటర్ ఆఫ్ ఓక్లహామా ఇందుకు ప్రసిద్ధి చెందిన ఉదాహరణ. శస్త్రవైద్యుడు, మత్తు వైద్యుడు, కేంద్రం మూడింటి రుసుములను కలిపి ఒకే ధరగా నిర్ణయించి, 2009 నుండి ఆ ధరలను అంతర్జాలంలో బహిరంగంగా ప్రకటించినది.

చట్టపరమైన పరిణామాలు

మెడికేర్ పరిధిలోని వృద్ధుల వద్ద వైద్యుడు తనకు తోచిన రుసుము తీసుకొనుటకు వీలు లేదు. 1997 నాటి బ్యాలెన్స్‌డ్ బడ్జెట్ చట్టం వైద్యుడు మెడికేర్ నుండి పూర్తిగా వైదొలగి, రోగితో వ్రాతపూర్వకమైన ప్రైవేటు ఒప్పందం చేసుకొనే అవకాశం కల్పించినది. అలా వైదొలగిన వైద్యుడు రెండు సంవత్సరముల పాటు మెడికేర్ నుండి సొమ్ము పొందరాదు.

నెలవారీ సభ్యత్వం కూడా ఒక రకమైన బీమాయేనని, కనుక ఆ క్లినిక్కులకు బీమా లైసెన్సు ఉండవలెనని తొలి రోజులలో వివాదం తలెత్తినది. వాషింగ్టన్ రాష్ట్రం 2007లో ఇది బీమా కాదని చట్టం చేసినది. తరువాత 30కి పైగా రాష్ట్రాలు ఇటువంటి చట్టాలు చేసినవి. 2010 నాటి అఫర్డబుల్ కేర్ చట్టం, పెద్ద ఖర్చులకు వర్తించే బీమాతో జతపరచినట్లయితే ఈ సభ్యత్వాన్ని అంగీకరించినది. 2025 జూలై 4న సంతకమైన చట్టం ప్రకారం, 2026 జనవరి 1 నుండి ఆరోగ్య పొదుపు ఖాతా ఉన్నవారు ఆ ఖాతా సొమ్ముతో ఈ సభ్యత్వ రుసుము చెల్లించవచ్చు. అందుకు రుసుము నెలకు ఒక వ్యక్తికి 150 డాలర్లు, ఒకరి కంటే ఎక్కువ మందికి 300 డాలర్లు మించరాదని పరిమితి విధించారు. తరువాతి సంవత్సరాలలో ద్రవ్యోల్బణాన్ని బట్టి ఈ పరిమితి మారుతుంది.

ధరల వెల్లడికి సంబంధించి కూడా మార్పులు వచ్చినవి. ఆసుపత్రులు తమ ధరలను ప్రకటించవలెనన్న నిబంధన 2021 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. 2022 జనవరి 1 నుండి అమలైన నో సర్‌ప్రైజెస్ చట్టం ప్రకారం, బీమా లేనివారికి లేదా బీమా వాడుకొననివారికి ఖర్చు అంచనాను ముందుగా వ్రాతపూర్వకంగా ఇవ్వవలెను. బిల్లు ఆ అంచనాను 400 డాలర్లు గాని అంతకు మించి గాని దాటినచో రోగి వివాద పరిష్కారం కోరవచ్చు.

ప్రయోజనములు

ఈ పద్ధతిలో ధర ముందే తెలుస్తుంది. వైద్యునితో మాట్లాడుటకు ఎక్కువ సమయం లభిస్తుంది. ఏ మందు వ్రాయవలెనో, ఏ పరీక్ష చేయించవలెనో బీమా సంస్థ అనుమతితో నిమిత్తం లేకుండా వైద్యుడు, రోగి కలిసి నిర్ణయించుకొనవచ్చును. బీమా ఉన్నవారు కూడా పూర్తి రుసుము తామే చెల్లించినట్లయితే, ఆ చికిత్స వివరాలను బీమా సంస్థకు తెలుపరాదని కోరే హక్కును 2009 నాటి హైటెక్ చట్టం కల్పించినది. మానసిక చికిత్స పొందేవారికి ఇది ముఖ్యమైనది.

పరిమితులు, విమర్శలు

బీమా ఉద్దేశం ఎప్పుడు వస్తుందో, ఎంత అవుతుందో తెలియని పెద్ద ఖర్చును పలువురిపై పంచడం. నెలవారీ రుసుముతో మధుమేహానికి, రక్తపోటుకు, దగ్గుకు, జలుబుకు వైద్యం లభిస్తుంది గాని, క్యాన్సరు చికిత్సకు, గుండె శస్త్రచికిత్సకు సరిపోదు. కాబట్టి ఈ క్లినిక్కులలో చాలా వరకు తమ సభ్యులను పెద్ద ఖర్చుల కొరకు వేరే బీమా తీసుకొనవలెనని సూచిస్తాయి. అప్పుడు రోగి రెండు చోట్లా చెల్లించవలసి వస్తుంది. పైగా సభ్యత్వానికి చెల్లించిన సొమ్మును బీమాలో రోగి మొదట భరించవలసిన వాటా క్రింద సాధారణంగా లెక్కించరు.

ఆర్థికవేత్త కెన్నెత్ ఆరో 1963లో ప్రచురించిన వ్యాసంలో వైద్యం ఇతర సరకుల వంటిది కాదని వివరించాడు. జబ్బు ఎప్పుడు వస్తుందో ముందుగా తెలియదు. ఏ చికిత్స అవసరమో రోగి కంటే వైద్యునికే ఎక్కువ తెలుసు. కనుక ధర తెలిసినంత మాత్రాన రోగి బేరమాడగలడని చెప్పలేము. 1970వ దశకంలో మొదలై 1982లో ముగిసిన ర్యాండ్ సంస్థ ప్రయోగంలో, సొంత డబ్బు ఎక్కువగా చెల్లించవలసినవారు తక్కువ వైద్యం వాడుకొన్నారని తేలినది. అయితే వారు అనవసరమైన వైద్యంతో పాటు అవసరమైన వైద్యాన్ని కూడా తగ్గించుకొన్నారు. సగటు వ్యక్తి ఆరోగ్యంలో పెద్ద తేడా కనిపించకపోయినా, పేదలైన రక్తపోటు రోగులకు ఉచిత వైద్యమే మేలు చేసినది.

వైద్యుల కొరత మరొక విమర్శ. రెండు వేల మందిని చూసే వైద్యుడు ఆరు వందల మందికి పరిమితమైతే, మిగిలినవారు వేరే వైద్యుని వెదుకుకొనవలెను. వ్యాపారపరంగా కూడా ఈ విధానం నిలకడగా ఉంటుందన్న హామీ లేదు. 2007లో సియాటిల్‌లో మొదలైన క్లియన్స్ సంస్థ జెఫ్ బెజోస్, మైకేల్ డెల్ వంటివారి పెట్టుబడి పొందినప్పటికీ 2017లో మూతపడినది.

భారతదేశంతో పోలిక

భారతదేశంలో పరిస్థితి దీనికి విలోమం. ఇక్కడ నేరుగా చెల్లించడమే పాత అలవాటు, బీమా కొత్తది. జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం 2013–14లో దేశ ఆరోగ్య వ్యయంలో 64.2 శాతం ప్రజలు తమ జేబు నుండి పెట్టుకొన్నదే. 2021–22 నాటికి అది 39.4 శాతానికి తగ్గినది. పొలం తాకట్టు పెట్టి, నగలు కుదువబెట్టి ఆపరేషన్ చేయించుకొనవలసిన దుస్థితికి పరిష్కారంగా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఆరోగ్యశ్రీ పథకాన్ని ప్రారంభించినది. పేద కుటుంబాలకు పెద్ద జబ్బుల చికిత్స కల్పించడం దీని లక్ష్యం. 2018లో కేంద్ర ప్రభుత్వం కుటుంబానికి ఏటా 5 లక్షల రూపాయల వరకు వర్తించే ఆయుష్మాన్ భారత్ పథకాన్ని ప్రవేశపెట్టినది. ఇవి ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చులకే వర్తిస్తాయి. క్లినిక్కు ఫీజు, నెలనెలా వాడే మందుల ఖర్చు ఎక్కువగా రోగిపైనే పడుతున్నాయి.

అమెరికాలో నేరుగా చెల్లించే రోగులలో చాలా మంది దానిని కోరి ఎంచుకొన్నవారు. పెద్ద జబ్బు వస్తే ఆదుకొనే బీమా వారి వెనుక ఉన్నది. అటువంటి రక్షణ లేనివారికి అదే పద్ధతి ఎంపిక కాదు, నిర్బంధం. ఈ తేడాను గమనించకుండా రెండు దేశాల అనుభవాలను పోల్చడం సరికాదు.

అమెరికాలోని పిల్లల వద్దకు వెళ్ళే తెలుగు తల్లిదండ్రులకు కూడా ఈ విషయం ఉపయోగపడుతుంది. సందర్శకులకు మెడికేర్ వర్తించదు. చిన్న అనారోగ్యానికి నేరుగా రుసుము తీసుకొనే క్లినిక్కుకు వెళ్ళవచ్చు, ముందుగా ఖర్చు అంచనా అడిగి తీసుకొనవచ్చు. 1986 నాటి చట్టం ప్రకారం ఆసుపత్రుల అత్యవసర విభాగం డబ్బుతో నిమిత్తం లేకుండా రోగిని పరీక్షించి, ప్రాణాపాయ స్థితిని కుదుటపరచవలెను. కాని ఆ బిల్లు తరువాత వస్తుంది. ఆ బిల్లును తట్టుకొనుటకు ప్రయాణ బీమా అవసరం.