సెల్లార్‌లో పిల్లి పిల్లలు కనిపించాయా? చేతిలోకి తీసుకునే ముందు ఇవి తెలుసుకోండి

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనో, పాత సామాన్ల వెనుకో పిల్లి పిల్లలు కనిపిస్తాయి. దగ్గర్లో తల్లి ఉండదు. అయ్యో పాపం అనుకుని అట్టపెట్టెలో పెట్టి ఇంటికి తెచ్చేస్తాం. మంచి మనసుతో చేసిన ఈ పనే చాలాసార్లు వాటి ప్రాణం మీదికి తెస్తుంది. తల్లి వాటిని వదిలేసి ఉండకపోవచ్చు. తిండి కోసం వెళ్లి ఉండొచ్చు, లేదా మనుషుల అలికిడికి భయపడి దూరంగా నక్కి ఉండొచ్చు.

పిల్లి తన పిల్లల్ని ఏడిళ్లు తిప్పుతుందని పెద్దలు ఊరికే అనలేదు. చోటు మార్చేటప్పుడు తల్లి ఒక్కో పిల్లనే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. ఒంటరిగా కనిపించిన పిల్ల తన వంతు కోసం ఎదురుచూస్తూ ఉండొచ్చు.

ముందుగా ఏం చూడాలి?

పిల్లలు శుభ్రంగా, వెచ్చగా, పొట్ట నిండి నిద్రపోతుంటే తల్లి పాలిచ్చి వెళ్లిందని అర్థం. వాటిని కదపకండి. దూరంగా ఉండి కొన్ని గంటలు గమనించండి. తల్లి కోసం కొంచెం తిండి, నీళ్లు కాస్త ఎడంగా పెట్టండి. పిల్లలు ఆగకుండా అరుస్తున్నా, ఒళ్లు చల్లబడినా, చీమలు పట్టినా, గాయాలున్నా మాత్రం ఆలస్యం చేయొద్దు.

తల్లి రాకపోతే?

మొదట వెచ్చదనం, తర్వాతే పాలు. చల్లబడిన పిల్లకు పాలు పడితే అరగవు. గోరువెచ్చని నీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి. ఆవు పాలు, గేదె పాలు పట్టొద్దు. విరేచనాలు పట్టుకుని నీరసించిపోతాయి. పెట్ షాపుల్లో పిల్లి పిల్లల కోసమే అమ్మే పాలపొడి వాడాలి. పసిబిడ్డలా వెల్లకిలా పడుకోబెట్టి కాకుండా, బోర్లా ఉంచి పట్టాలి. లేదంటే పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కళ్లు తెరవని పిల్లలకు రాత్రీపగలూ రెండు మూడు గంటలకోసారి పాలు కావాలి. పాలు పట్టాక తడి దూదితో కింద మెల్లగా తుడిస్తేనే మలమూత్రాలు వస్తాయి. తల్లి నాలుకతో నాకి చేసే పని ఇదే.

జ్వరంగా ఉందని మన పారాసెటమాల్ వేయొద్దు. పిల్లులకు అది విషం.

గాయపడిన పిల్లిని ఎక్కడికి తీసుకెళ్లాలి?

1962 నంబరుకు వచ్చే సంచార పశువైద్య వాహనాలు ప్రధానంగా పల్లెల్లో పాడి పశువులు, గొర్రెలు, మేకల కోసం ఏర్పాటైనవి. నగరంలో మనమే ఆసుపత్రికి చేర్చుకోవడం మేలు. హైదరాబాద్‌లో నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్ వెటర్నరీ కళాశాల ఉన్నాయి. ఏపీలో తిరుపతి, గన్నవరంలో వెటర్నరీ కళాశాలలున్నాయి. 1992లో మొదలైన బ్లూ క్రాస్ ఆఫ్ హైదరాబాద్ వంటి స్వచ్ఛంద సంస్థలూ సాయం చేస్తాయి. బయలుదేరే ముందు ఫోన్ చేసి వేళలు కనుక్కోండి. పిల్లిని ఒట్టి చేతులతో పట్టుకోవద్దు. మందపాటి తువ్వాలు కప్పి, గాలాడే పెట్టెలోకి చేర్చండి.

కరిచినా, రక్కినా ఏం చేయాలి?

రేబిస్ కుక్కల వల్లే కాదు, పిల్లి కాటు వల్ల కూడా వస్తుంది. లక్షణాలు బయటపడ్డాక బతికించడం దాదాపు అసాధ్యం. అందుకే గాయాన్ని వెంటనే కుళాయి ధార కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం పెట్టొద్దు. అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి, టీకా ఉచితం. చర్మంలోకి ఇచ్చే పద్ధతిలో మొదటి రోజును సున్నాగా లెక్కించి 0, 3, 7, 28 రోజుల్లో డోసులు వేస్తారు. రక్తం వచ్చిన గాయమైతే ఇమ్యునోగ్లోబులిన్ కూడా అవసరమవుతుంది. చిన్న గీతేగా అని వదిలేయొద్దు.

సంతతి పెరగకుండా దారేంటి?

ఆడపిల్లి అయిదారు నెలల వయసుకే కడుపుతో ఉండొచ్చు. రెండు నెలలు దాటగానే మూడు నుంచి అయిదు పిల్లల్ని పెడుతుంది. పాలిస్తూ ఉండగానే మళ్లీ కడుపు రావచ్చు. తిండి పెట్టి ఊరుకుంటే ఏడాదిలో సెల్లార్ నిండిపోతుంది. ఆ తర్వాతే ఇరుగుపొరుగుల గొడవలు మొదలవుతాయి.

దీనికి విరుగుడు కుటుంబ నియంత్రణ ఆపరేషన్. రోజూ ఒకే వేళకు, ఒకే చోట తిండి పెట్టి అలవాటు చేయాలి. పట్టే రోజు ఆకలిగా ఉంచి, బోనులో తిండి పెడితే అదే లోపలికి వస్తుంది. ఆపరేషన్‌తో పాటు రేబిస్ టీకా వేయించి, గుర్తుగా చెవి కొస కొద్దిగా కత్తిరిస్తారు. కోలుకున్నాక పట్టిన చోటే వదలాలి. పాలిచ్చే తల్లయితే పిల్లలు సొంతంగా తినేదాకా ఆగాలి.

2001 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల పేరులోనే ‘కుక్కలు’ అని ఉండేది. 2023లో వచ్చిన కొత్త నిబంధనల పేరులో ఆ మాట లేదు. కానీ మున్సిపాలిటీల ఏర్పాట్లు ఇప్పటికీ ఎక్కువగా కుక్కల చుట్టూనే ఉన్నాయి. మీ నగరపాలక సంస్థ వెటర్నరీ విభాగాన్ని పిల్లులకూ ఆపరేషన్ చేస్తారా అని అడగండి. అపార్ట్‌మెంట్ సంఘం తరఫున లిఖితపూర్వకంగా అడిగితే ఇంకా మంచిది. కుదరదంటే స్వచ్ఛంద సంస్థ, ప్రైవేటు క్లినిక్ మిగులుతాయి. ఖర్చు ఫ్లాట్లవారీగా పంచుకుంటే ఎవరికీ భారం కాదు.

అసోసియేషన్ తరిమేయమంటే?

2023 నిబంధనల ప్రకారం ఆవరణలోని వీధి జంతువులకు తిండి పెట్టే ఏర్పాటు చూడాల్సింది నివాసుల సంఘమే. పిల్లలు ఆడుకునే చోటు, మెట్లు, రాకపోకల దారులకు దూరంగా ఆ చోటు ఉండాలి. విషం పెట్టి చంపితే భారతీయ న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా జైలు శిక్ష పడొచ్చు. గోనెసంచిలో కట్టి మరో కాలనీలో వదిలేసినా ఫలితం ఉండదు. తిండి, చోటు ఉన్నంతకాలం ఖాళీ అయిన సెల్లార్‌లోకి ఇంకో పిల్లి వస్తుంది, దానికి ఆపరేషన్ అయి ఉండదు.