పొలం లేని జిల్లా

హుస్సేనీ ఆలంలో మా పాత ఇంటి నేలంతా తాండూరు బండలే. అమ్మకి కందిపప్పు కూడా తాండూరుదే కావాలి. 1978 ఆగస్టు 15న రంగారెడ్డి జిల్లాని విడదీసేదాకా ఆ తాండూరు మా హైదరాబాద్ జిల్లాలోదే. ఇప్పుడు మా జిల్లా 217 చదరపు కిలోమీటర్లు, అంతా నగరమే. వాళ్ళకి జిల్లా దక్కింది గానీ, కలెక్టరాఫీసు ఏళ్ళ తరబడి హైదరాబాద్‌లోనే ఉండిపోయింది! తాండూరు రైతుకి వంద కిలోమీటర్ల పైమాటే.

2016 అక్టోబర్ 11న వికారాబాద్ జిల్లా అయ్యాక ఆ దూరం తగ్గింది. నాపరాయి గనులు, సిమెంటు, కంది, మూసీ పుట్టే అనంతగిరి కొండలు అన్నీ ఆ జిల్లావే. మా వాటాకి లాడ్‌బజార్ గాజులు, ఇంకా మూసీ వరద. 1908 వరద తర్వాత కట్టిన గండిపేట చెరువేమో రంగారెడ్డి జిల్లాలో ఉంది. గేట్లెత్తితే నీళ్ళొచ్చేది మాత్రం మా పురానాపూల్ కిందికి.