సీమోయ్ హెడ్‌ఫోను ఆంప్లిఫయరు

సీమోయ్ అనేది 9 వోల్టుల బ్యాటరీతో పనిచేసే, జేబులో పట్టేటంత చిన్న హెడ్‌ఫోను ఆంప్లిఫయరు. దీని వలయాన్ని చూ మోయ్ రూపొందించి 1998లో వెల్లడించారు. రూపకర్త పేరే వలయానికి పేరుగా నిలిచిపోయింది. తక్కువ భాగాలతో, ఇంటి వద్దనే అమర్చుకోదగినది కావడం వలన ఎలక్ట్రానిక్స్ నేర్చుకొనేవారికి ఇది మొదటి పాఠం వంటిదైంది. ఆల్టాయిడ్స్ అనే పిప్పరమెంటు బిళ్ళల రేకు డబ్బాలో దీనిని అమర్చడం అభిరుచిపరులలో ఒక ఆనవాయితీ. దీని విడిభాగాలన్నీ ఒకచోట చేర్చిన కిట్లు కూడా అమ్ముతారు.

వలయం చిన్నదే అయినా, అమర్చిన వెంటనే విలువైన హెడ్‌ఫోనును తగిలించి పరీక్షించడం సరికాదు. పొరపాటు ఉన్నచో ఏకముఖ విద్యుత్తు హెడ్‌ఫోను తీగచుట్టలోకి ప్రవహించి దానిని పాడుచేయవచ్చు. హఠాత్తుగా వచ్చే పెద్ద శబ్దం వినికిడికి హాని చేయవచ్చు. కాబట్టి ముందు మల్టీమీటరుతో కొలిచి, ఆ తరువాతనే వినవలెను.

పనిచేయు విధానం

ఈ వలయానికి ఆధారం ఒక ఆపరేషనల్ ఆంప్లిఫయరు ఐసీ. కుడి, ఎడమ ఛానళ్ళకు ఒక్కొక్కటి చొప్పున రెండు ఆంప్లిఫయర్లు ఒకే 8 కాళ్ళ ఐసీలో ఉంటాయి. ఓపీఏ 2132, ఓపీఏ 2134 రకాలను ఎక్కువగా వాడతారు. ఐసీ 8వ కాలు ధన విద్యుత్తుకు, 4వ కాలు రుణ విద్యుత్తుకు చెందుతాయి. 3, 5 కాళ్ళు సంకేతం ప్రవేశించేవి. 1, 7 కాళ్ళు సంకేతం వెలువడేవి. 2, 6 కాళ్ళకు వెలువడిన సంకేతంలో కొంత భాగం తిరిగి అందుతుంది.

సంకేతం ఎన్ని రెట్లు పెరుగుతుందో తెలిపే సంఖ్యను గెయిన్ అంటారు. 1వ, 2వ కాళ్ళ మధ్య 10 కిలో ఓముల నిరోధకం, 2వ కాలికి గ్రౌండుకు మధ్య 1 కిలో ఓము నిరోధకం ఉంటే గెయిన్ 1 + 10/1 = 11 అవుతుంది. రెండవ ఛానలులో 7, 6 కాళ్ళకు ఇదే అమరిక ఉంటుంది.

సంగీత సంకేతం సున్నాకు పైకీ కిందికీ ఊగుతుంది. కనుక ఆంప్లిఫయరుకు ధన, రుణ వోల్టేజిలు రెండూ కావలెను. ఉన్నది మాత్రం ఒకే బ్యాటరీ. అందువలన రెండు 4.7 కిలో ఓముల నిరోధకాలతో 9 వోల్టులను సగానికి పంచి, ఆ మధ్య బిందువును గ్రౌండుగా తీసుకుంటారు. దీనిని కృత్రిమ గ్రౌండు అనవచ్చు. ఈ బిందువు నుండి చూస్తే బ్యాటరీ ధన ధ్రువం +4.5 వోల్టుల వద్ద, రుణ ధ్రువం −4.5 వోల్టుల వద్ద ఉంటాయి. ఇక్కడ గ్రౌండు అనగా బ్యాటరీ రుణ ధ్రువం కాదు అన్న విషయం మరువరాదు. సీమోయ్‌లో ఎదురయ్యే లోపాలలో చాలా వాటికి మూలం ఈ మధ్య బిందువే.

కావలసిన భాగాలు

* ఓపీఏ 2132 లేదా ఓపీఏ 2134 ఐసీ, దానికి 8 కాళ్ళ సాకెట్టు
* 4.7 కిలో ఓముల నిరోధకాలు 2 (బ్యాటరీ వోల్టేజిని పంచుటకు)
* 220 మైక్రో ఫారడ్ ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు 2
* 0.1 మైక్రో ఫారడ్ కెపాసిటర్లు 2, 100 కిలో ఓముల నిరోధకాలు 2 (సంకేతం ప్రవేశించే చోట)
* 1 కిలో ఓము నిరోధకాలు 2, 10 కిలో ఓముల నిరోధకాలు 2 (గెయిన్ కొరకు)
* 10 కిలో ఓముల స్టీరియో వాల్యూం కంట్రోలు
* 3.5 మిల్లీమీటర్ల స్టీరియో జాకులు 2, స్విచ్చి, ఎల్ఈడీ, దానికి తగిన నిరోధకం, బ్యాటరీ క్లిప్పు

హైదరాబాదు కోఠిలోని ఎలక్ట్రానిక్స్ దుకాణాలలో, చెన్నై రిచీ వీధిలో ఇటువంటి భాగాలు విడిగా కూడా దొరుకుతాయి.

అమర్చు విధానం

ముందుగా ప్రతి నిరోధకాన్ని మల్టీమీటరుతో కొలిచి వేరు చేసుకొనవలెను. నాలుగు పట్టీల నిరోధకాలలో 1, 10, 100 కిలో ఓములకు మొదటి రెండు రంగులు గోధుమ, నలుపు. మూడవ పట్టీ మాత్రమే వరుసగా ఎరుపు, నారింజ, పసుపుగా మారుతుంది. వెలుతురు తక్కువగా ఉన్నప్పుడు ఎరుపునకు, నారింజకు తేడా తెలియదు.

ఐసీ సాకెట్టు, నిరోధకాలు, చిన్న కెపాసిటర్లు, ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు, చివరగా జాకులు, తీగలు అనే వరుసలో సోల్డరింగు చేయడం సులువు. ఐసీని ఇప్పుడే సాకెట్టులో పెట్టరాదు. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటరు పొడవు కాలు ధనం. మొదటి కెపాసిటరు ధన కాలు బ్యాటరీ ధన ధ్రువానికి, రుణ కాలు కృత్రిమ గ్రౌండుకు కలపవలెను. రెండవ దాని ధన కాలు కృత్రిమ గ్రౌండుకు, రుణ కాలు బ్యాటరీ రుణ ధ్రువానికి కలపవలెను. మంచి అతుకు నునుపుగా, కాలిని చుట్టి పాకినట్లు ఉంటుంది. సరిగా వేడెక్కని అతుకు ఉండలా నిలిచి, కదిలిస్తే విడిపోతుంది. సీసం కలిసిన సోల్డరును వాడినచో గాలి వచ్చే చోట కూర్చొని పనిచేసి, తరువాత చేతులు కడుగుకొనవలెను.

వినడానికి ముందు చేయవలసిన పరీక్షలు

1. ఐసీ లేకుండా బ్యాటరీ కలిపి, సాకెట్టు 8, 4 కాళ్ళ మధ్య కొలవవలెను. సుమారు 9 వోల్టులు రావలెను.

2. మల్టీమీటరు నల్ల తీగను కృత్రిమ గ్రౌండుపై ఉంచి కొలిస్తే 8వ కాలు వద్ద +4.5, 4వ కాలు వద్ద −4.5 వోల్టులకు దగ్గరగా ఉండవలెను. పెద్ద తేడా ఉన్నచో నిరోధకం విలువ తప్పు కావచ్చు, లేదా ఒక కెపాసిటరు తిరగబడి ఉండవచ్చు.

3. బ్యాటరీ తీసివేసి, ఐసీని దాని గాటు సరైన వైపు ఉండేట్లు పెట్టి, బ్యాటరీని తిరిగి కలపవలెను. ఐసీ వేడెక్కితే వెంటనే ఆపివేయవలెను.

4. వాల్యూం పూర్తిగా తగ్గించి, 1, 7 కాళ్ళ వద్ద గ్రౌండుతో పోల్చి ఏకముఖ వోల్టేజిని కొలవవలెను. దీనిని ఆఫ్‌సెట్ అంటారు. ఇది కొద్ది మిల్లీ వోల్టులు మాత్రమే ఉండవలెను.

5. హెడ్‌ఫోనుకు బదులుగా ఒక్కొక్క ఛానలుకు 33 ఓముల నిరోధకాన్ని తగిలించి, రెండవ పరీక్షను మరల చేయవలెను.

6. అన్నీ సరిపోయిన తరువాత ముందు చవక రకం ఇయర్‌ఫోనుతో విని, ఆపైన మంచి హెడ్‌ఫోనును వాడవలెను.

అయిదవ పరీక్ష ఎందుకు?

చాలామంది నాలుగవ పరీక్షతో ఆగిపోతారు. కానీ హెడ్‌ఫోను నుండి తిరిగి వచ్చే విద్యుత్తు చేరేది కృత్రిమ గ్రౌండుకే. 4.7 కిలో ఓముల నిరోధకాలు రెండూ కలిసి ఆ బిందువు వద్ద 2.35 కిలో ఓముల నిరోధంగా పనిచేస్తాయి. ఆఫ్‌సెట్ 20 మిల్లీ వోల్టులు, హెడ్‌ఫోను 32 ఓములు అనుకొంటే ఒక్కొక్క ఛానలులో 0.625 మిల్లీ ఆంపియర్లు, రెండింటిలో కలిపి 1.25 మిల్లీ ఆంపియర్లు ప్రవహిస్తాయి. రెండు ఛానళ్ళ ఆఫ్‌సెట్ ఒకే దిశలో ఉన్నచో మధ్య బిందువు సుమారు 2.9 వోల్టులు జరిగిపోతుంది. అప్పుడు ఒకవైపు 7.4 వోల్టులు, రెండవ వైపు 1.6 వోల్టులు మాత్రమే మిగులుతాయి. సంకేతం ఆ ఇరుకైన వైపు తెగిపోయి శబ్దం బొంగురుపోతుంది. అదే 300 ఓముల హెడ్‌ఫోనుతో అయితే జరుగుదల సుమారు 0.3 వోల్టులు మాత్రమే. హెడ్‌ఫోను లేనప్పుడు సరిగా ఉన్న కొలతలు తగిలించగానే తప్పడానికి కారణం ఇదే.

సాధారణ లోపాలు, సవరణలు

ఎల్ఈడీ వెలగకపోవడం: బ్యాటరీ క్లిప్పు, స్విచ్చి అతుకులు చూడవలెను. ఎల్ఈడీ తిరగబడినా వెలగదు.

శబ్దం మరీ సన్నగా ఉండడం: 1, 10 కిలో ఓముల నిరోధకాలు తారుమారైతే గెయిన్ 11కు బదులు 1.1 అవుతుంది.

ఒక ఛానలే పలకడం: పలికే ఛానలు, పలకని ఛానలు కాళ్ళ వద్ద వోల్టేజిలను పోల్చిచూడవలెను. తేడా కనిపించిన చోటనే సరిగా అతకని సోల్డరింగు ఉంటుంది.

ఆఫ్‌సెట్ ఎక్కువగా ఉండడం: ఐసీ రకాన్ని పరిశీలించవలెను. ఎన్ఈ 5532 వంటి ఐసీ ప్రవేశ కాలిలోకి సుమారు 200 నానో ఆంపియర్లు ప్రవహిస్తాయి. అవి 100 కిలో ఓముల నిరోధకం మీద 20 మిల్లీ వోల్టులను ఏర్పరచి, 11 రెట్లు పెరిగి 220 మిల్లీ వోల్టులుగా వెలువడతాయి. ఓపీఏ 2132లో ఈ ప్రవాహం పికో ఆంపియర్లలోనే ఉంటుంది. అందువలన కాళ్ళు సరిపోయినంత మాత్రాన ఒక ఐసీకి బదులు మరొకటి పెట్టరాదు.

మధ్య బిందువు జరగడం: రెండు 4.7 కిలో ఓముల నిరోధకాలకు బదులు టీఎల్ఈ 2426 అనే ఐసీని అమర్చవచ్చు. అది 20 మిల్లీ ఆంపియర్ల వరకు ప్రవాహాన్ని తట్టుకొని మధ్య బిందువును నిలకడగా ఉంచుతుంది. 1 కిలో ఓము బదులు 3.3 కిలో ఓముల నిరోధకం వాడి గెయిన్‌ను సుమారు 4కు తగ్గించినా ఆఫ్‌సెట్ తగ్గుతుంది. నేటి ఫోన్లకు, కంప్యూటర్లకు ఈ గెయిన్ సాధారణంగా సరిపోతుంది.

ఐసీ వేడెక్కడం: ఐసీ తిరగబడకపోతే వలయం డోలనం చెందుతూ ఉండవచ్చు. 8, 4 కాళ్ళ మధ్య, ఐసీకి దగ్గరగా, 0.1 మైక్రో ఫారడ్ సిరామిక్ కెపాసిటరు కలిపి, తీగలను పొట్టిగా చేయవలెను.

వాల్యూం బొత్తాన్ని తాకితే గుయ్‌మనడం: వాల్యూం కంట్రోలు లోహపు ఒంటిని కృత్రిమ గ్రౌండుకు కలపవలెను.

డబ్బా మూసిన తరువాత పలకకపోవడం: జాకుల లోహపు అంచు కృత్రిమ గ్రౌండు. బ్యాటరీ రుణ ధ్రువానికి చెందిన తీగ గాని, అడాప్టరు జాకు గాని అదే రేకు డబ్బాను తాకితే సగం బ్యాటరీ షార్టు అవుతుంది. డబ్బా లోపల అట్టముక్క పరచి, ఆ భాగాలను రేకుకు తగలకుండా వేరు చేయవలెను. ఇదే కారణంగా పాటల పరికరానికి, సీమోయ్‌కు ఒకే అడాప్టరు నుండి విద్యుత్తు ఇవ్వరాదు.

పరిమితులు

ఓపీఏ 2132 ఇవ్వగల గరిష్ట ప్రవాహం సుమారు 40 మిల్లీ ఆంపియర్లు. అందువలన తక్కువ ఓముల హెడ్‌ఫోన్లకంటె 300 ఓముల వంటివాటికి ఈ వలయం బాగా అనుకూలిస్తుంది. బ్యాటరీ నీరసించిన కొద్దీ శబ్దం త్వరగా తెగిపోవడం మొదలవుతుంది. అప్పుడు వలయాన్ని విప్పడానికి ముందు బ్యాటరీ వోల్టేజిని కొలవడం మంచిది.