శాటిన్: మెరుపు వెనక ఎవరు?

ఒక్కో గుడ్డ పేరు విప్పి చూస్తే ఎవరి శ్రమ ఎవరి పేరుమీద చలామణీ అయిందో తెలుస్తుంది. శాటిన్‌నే తీసుకుందాం.

చైనాలోని చువాన్‌జౌ రేవును అరబ్బు వర్తకులు 'జైతూన్' అనేవారు. అక్కడి పట్టుబట్టను ఆ ఊరిపేరుతోనే పిలుస్తారని 14వ శతాబ్దపు యాత్రికుడు ఇబన్ బతూతా రాశాడు. ఆ 'జైతూనీ'యే యూరపు చేరి శాటిన్ అయిందని చాలామంది భాషా చరిత్రకారుల అభిప్రాయం. ఉర్దూలో మాత్రం అది 'అత్లస్'. అరబ్బీలో నునుపైనదని అర్థం.

నిజానికి శాటిన్ నూలు పేరు కాదు, నేత పేరు. పడుగు పోగు నాలుగైనా అంతకన్నా ఎక్కువైనా పేక పోగులమీదుగా తేలి, ఒక్కదాని కింద దూరుతుంది. తేలిన పోగులమీద వెలుగుపడి మెరుస్తుంది. అందుకే పట్టుతో నేసినా పాలిస్టర్‌తో నేసినా శాటినే.

మా కథలాపూర్ ఇళ్లలోకి ఈ మెరుపు గల్ఫ్ పెట్టెల్లో వచ్చింది. దుబాయి పోయిన మగవాళ్లు పంపిన గుడ్డ అని గొప్పగా చెప్పుకునేవాళ్లం. వెనక బీడీలు చుడుతూ, అప్పుకు వడ్డీ కడుతూ ఇల్లు నడిపిన ఆడవాళ్ల సంగతి ఆ గొప్పలో లేదు. సిరిసిల్లలోనూ అంతే. సాంచెల మీద 2017లో బతుకమ్మ చీరలు మొదలైతే చీర నాణ్యత మీద ఎంతో చర్చ జరిగింది. కండెలు చుట్టిన స్త్రీల కూలి మీద అంత జరగలేదు.

రేవు తన పేరును గుడ్డకిచ్చింది. కండె చుట్టిన చేతుల పేరు ఏ గుడ్డకూ లేదు. పదాల చరిత్ర రాసేటప్పుడు ఆ ఖాళీని కూడా రాయాలి.