హుస్నె సీరత్: ఒక కాగితం తారీఖ్



మనం పోలీసు క్లియరెన్స్ సర్టిఫికెట్ అనే కాగితాన్ని అరబీలో 'షహాదత్ హుస్న్ సీరత్ వ సులూక్' అంటారు. సీరత్ మనకి కొత్త మాట కాదు. రబీఉల్ అవ్వల్ వస్తే మస్జిదుల్లో సీరత్ జల్సాలు పెట్టుకుంటాం. అంత అదబ్‌తో పలికే మాట వీసా ఫైల్లో ఒక కాగితానికి పేరైంది.

ఉదయగిరి, ఆత్మకూరు వైపు నుంచి కువైట్‌కో సౌదీకో పోవడమంటే ఒకప్పుడు డ్రైవరు పని, ఇంటిపని. ఇప్పుడు బీఎడ్ చదివిన మన పిల్లలు టీచర్ నౌకరీకి కూడా అర్జీలు పెడుతున్నారు. పీసీసీ అనగానే ఇంట్లో పెద్దవాళ్ళ మొహం మారిపోతుంది. 'మా బేటీ ఏం గునా చేసిందని ఠాణావాళ్ళు విచారించాలి?' అంటారు. ఆ గుస్సాకి ఒక తారీఖ్ ఉంది. ఆ కాగితం అవసరానికి ఇంకో తారీఖ్ ఉంది. రెండూ పక్కపక్కన పెట్టి చూడాలనే ఈ మజ్మూన్.

ముందు మన సొంత రివాజు సంగతి. హదీసు చెప్పేవాడి మాటని మన ఉలమా వట్టిగా తీసుకోలేదు. అతనెవరు, ఎవరి దగ్గర చదివాడు, ఎప్పుడన్నా అబద్ధమాడాడా, జ్ఞాపకం గట్టిదేనా అని తహ్కీక్ చేశారు. దానికి ఇల్మె రిజాల్ అని పేరు. లోపం చూపడం జర్హ్, నమ్మదగినవాడని తేల్చడం తాదీల్. ఇమాం బుఖారీ రావీల వివరాల కోసమే 'తారీఖుల్ కబీర్' అని వేరే కితాబు రాశారు. ఖాజీ అదాలత్‌లో గవాహీ ఇచ్చేవాళ్ళ చాల్‌చలన్ కనుక్కోవడానికి ముజక్కీ ఉండేవాడు. అతను మొహల్లాలో ఇరుగుపొరుగుని అడిగేవాడు. అంటే చదువు చెప్పేవాడి గురించి, సాక్ష్యం చెప్పేవాడి గురించి అడగటం మన దగ్గర ఎన్నడూ తౌహీన్ కాదు.

మరి గుస్సా ఎక్కడిది? సర్కారు అడిగిన తీరులోంచి వచ్చింది.

మన ఉదయగిరినే చూడండి. కంపెనీ హుకూమత్ ఇక్కడి ఆఖరి జాగీర్దారు మీద బగావత్ ఇల్జామ్ మోపింది. 1840లో ఆయన్ని చెంగల్పట్టుకి పంపేసింది. జాగీరు పోయింది. అది ఒక మనిషి మీద షక్. తర్వాత మొత్తం జాతుల మీదికే షక్ వచ్చింది. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ చట్టం తెచ్చారు. దాని ప్రకారం కొన్ని జాతుల్లో పుట్టడమే నేరం. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది, వేలిముద్రలు తీసుకునే అధికారంతో సహా. మన జిల్లాలోనే, కావలిలో, ఎరుకల కుటుంబాలని సెటిల్మెంటులో పెట్టి అమెరికన్ బాప్టిస్టు మిషనరీలకి అప్పజెప్పారు. హాజరు పలకాలి, బయటికి పోవాలంటే ఇజాజత్ కావాలి. దేశమంతటా ఆ చట్టం రద్దయింది 1952 ఆగస్టు 31న.

వేలిముద్రల ఇల్మ్‌లో మనవాడి చెయ్యి కూడా ఉంది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో పెట్టారు. ప్రపంచంలో అదే మొదటిది. వేల కాగితాల్లోంచి ఒకరి ముద్రని వెతికి పట్టుకునే హిసాబ్ తయారుచేసినవాళ్ళు ఖాజీ అజీజుల్ హక్, హేమచంద్ర బోస్ అనే పోలీసు ఉద్యోగులు. పేరు మాత్రం పై అధికారి ఎడ్వర్డ్ హెన్రీకి దక్కింది. ఇప్పటికీ దాన్ని 'హెన్రీ పద్ధతి' అనే అంటారు.

అదే పద్ధతి సముద్రం దాటింది. 1906లో దక్షిణాఫ్రికాలోని ట్రాన్స్‌వాల్ సర్కారు, హిందుస్తానీలు వేలిముద్రలిచ్చి రిజిస్టరు చేసుకోవాలంది. సెప్టెంబర్ 11న జోహాన్నెస్‌బర్గ్ ఎంపైర్ థియేటర్లో జల్సా జరిగింది. సదర్ అబ్దుల్ గనీ. సేఠ్ హాజీ హబీబ్ లేచి, ఈ ఖానూన్‌కి తలొంచనని ఖుదా పేరు మీద ఖసమ్ తిన్నారు. గాంధీగారి సత్యాగ్రహం మొదలైంది అక్కడే. వాళ్ళు ఎదిరించింది విచారణని కాదు, ఒక కౌమ్ మొత్తాన్ని ముందే ముజ్రిమ్‌గా చూడటాన్ని.

ఇక టీచర్ల సంగతి. ఇక్కడ మాట పిల్లల హిఫాజత్ గురించి. 2002 ఆగస్టులో ఇంగ్లండులోని సోహమ్ ఊళ్ళో పదేళ్ళ ఆడపిల్లలిద్దరు ఖత్ల్ అయ్యారు. చేసినవాడు ఆ ఊరి స్కూల్లో కేర్‌టేకరు. వాడు అంతకుముందున్న ఊళ్ళో అత్యాచారం ఫిర్యాదులు వచ్చాయి, కానీ శిక్ష పడలేదు. ఆ ఖబర్ కొత్త ఊరికి చేరలేదు. బిచర్డ్ కమిషన్ 2004లో ఈ లోపాన్ని బయటపెట్టింది. 2007లో దక్షిణ కొరియాలో ఇంగ్లీషు టీచరుగా ఉన్న ఒక కెనడావాడు పిల్లల మీద జుల్మ్ కేసులో థాయ్‌లాండ్‌లో దొరికాడు. అప్పట్నుంచి కొరియా ఇంగ్లీషు చెప్పడానికి వచ్చే విదేశీ టీచర్లని నేరచరిత్ర కాగితం అడుగుతోంది.

గల్ఫ్‌లో రివాజు మారుతూ వచ్చింది. 2018 ఫిబ్రవరిలో యూఏఈ పని వీసాలకి ఈ కాగితం తప్పనిసరి చేసి, ఏప్రిల్‌లో మనవాళ్ళకి నిలిపేసింది. దుబాయ్ స్కూళ్ళు మాత్రం టీచర్లని అడగటం మానలేదు. 2022లో సౌదీ అడిగింది, ఆ నవంబర్‌లో మనకి మినహాయింపు ఇచ్చింది. ఆ రద్దీకే 2022 సెప్టెంబర్ 28 నుంచి పోస్టాఫీసు పాస్‌పోర్టు సేవా కేంద్రాల్లోనూ పీసీసీ అర్జీలు తీసుకోవడం మొదలైంది.

కాబట్టి పీసీసీ అడిగితే జలీల్ అయ్యామని బాధపడొద్దు. బ్రిటన్ టీచరునీ అడుగుతారు, మన బేటీనీ అడుగుతారు. ఒక జాతిని వేరుచేసి అడిగితే అది జుల్మ్. పిల్లల దగ్గర పనిచేసే ప్రతి ఒక్కరినీ అడిగితే అది అమానత్.

కాకపోతే ఆ కాగితానికి హద్దుంది. మన రికార్డుల్లో వ్యతిరేకంగా ఏమీ లేదని మాత్రమే అది చెబుతుంది. సీరత్ మంచిదని చెప్పదు. సోహమ్‌లో అదే తేలింది. ఇంతకుముందు ఇంకో దేశంలో పనిచేసి ఉంటే అక్కడి కాగితం వేరే తెచ్చుకోవాలి. గొడవల్లో పేరెక్కి, కేసు కొట్టేసి ఉంటే అదాలత్ హుకుమ్ నఖల్ జాగ్రత్తగా దాచుకోండి. 'ఠాణాకి పోకుండా తెచ్చిస్తా' అనే ఏజెంటుని నమ్మొద్దు.

చివరిగా ఒక సవాల్. పరాయి దేశపు పిల్లల కోసం మన బిడ్డ చాల్‌చలన్ కాగితం చూపిస్తోంది. ఆత్మకూరు ప్రైవేటు స్కూల్లో, ఉదయగిరి మక్తబ్‌లో మన పిల్లలకి చెప్పేవాళ్ళ గురించి మనం ఏం అడిగాం? పోక్సో చట్టం 2012 నుంచి ఉంది. 2017లో సీబీఎస్ఈ తన స్కూళ్ళలో సిబ్బందికి పోలీసు వెరిఫికేషన్ చేయించమంది. మక్తబ్‌కి అలాంటి బోర్డు లేదు. అక్కడ కమిటీయే ముజక్కీ. కొత్త ఉస్తాద్ వస్తే, ఆయన ఇంతకుముందు చెప్పిన ఊరికి ఫోన్ చేసి అడగాలి. పోలీసు వెరిఫికేషన్ కూడా చేయించాలి. మంచి ఉస్తాద్‌కి అది తౌహీన్ కాదు. రావీలని అంత పట్టిపట్టి అడిగిన కౌమ్ మనది, పిల్లల విషయంలో మొహమాటపడటం మనకి తగదు.